తాత రాయి

ఎలుకల ఇంట్లో పనిచేసేవాళ్లకి ఏ వాసనా ఉండకూడదు. తలకి నూనె, మొహానికి పౌడరు, మోకాళ్లకి రాసుకునే నొప్పుల మందు, బుగ్గన లవంగం, ఏదీ మొదటి తలుపు దాటకూడదు. పందొమ్మిదేళ్ల కిందట పనిలో చేరిన మొదటిరోజు, ఉద్యోగం కదా అని నీటుగా తయారై, నాలుగడుగుల అవతలికి గుప్పుమనేలా పౌడరు కొట్టుకుని వచ్చింది ఆయమ్మ. అప్పటి సూపర్‌వైజరు ఆమెని కుళాయి దగ్గర నిలబెట్టి, వాసన లేని సబ్బుబిళ్ల చేతిలో పెట్టి, మెడా మోచేతులూ మూడుసార్లు కడిగించాడు. "ఇక్కడ వాసనంటే వాటి మాట. మధ్యలో మనం మాట్లాడకూడదు" అన్నాడు. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే, ఇంట్లో ఒంటిసబ్బు కూడా మార్చేసింది. "నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో తెలీడం లేదే" అని భర్త నవ్వేవాడు. ఆయన పోయి పదిహేడేళ్లు.

ఆయమ్మ అనేది పేరు కాదు. పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

అవి ఇసుక ఎలుకలు. అరచేతిలో ఒదిగేంత ఒళ్లు, తోక చివర నల్లటి కుచ్చు. బయట నేలల్లో అవి కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. మిగిలినవన్నీ ఈ ఇంట్లోనే: నడవకి ఎడమ గదిలో ఆరు మగవి, కుడి గదిలో ఏడు ఆడవి. ప్రతి పెట్టెలోనూ రంపపు పొట్టు, నీళ్ల సీసా, పడుకోవడానికి చెక్కగూడు, అరచేయంత చదును రాయి. మగదాని పొట్ట మధ్యలో బొచ్చు లేని సన్నటి గీత ఒకటి ఉంటుంది. అందులోంచి మైనంలాంటి పసుప్పచ్చ జిడ్డు ఊరుతుంది. రోజుకి వందసార్లు అది వచ్చి రాయి మీద పొట్ట రుద్ది పోతుంది. మనిషి ముక్కుకి అందులో ఏమీ దొరకదు. ఆడ ఎలుకకి మాత్రం ఇది ఎవరు, ఎంత వయసు, ఒంట్లో ఎలా ఉంది, నిన్న వచ్చిపోయాడా ఇవాళా అన్నీ తెలిసిపోతాయి. వెళ్లిపోయిన వాడు, ఇంకా రాని మనిషి కోసం వదిలిన చీటీ అన్నమాట. ఆయమ్మకి ఆ సంగతి తెలిసిన రోజు ఎందుకో భోజనం సహించలేదు.

డాక్టరమ్మ వచ్చి పద్నాలుగు నెలలయింది. ముప్పై దాటిన మనిషి, మెత్తటి మాట, నిద్ర చాలని కళ్లు. ఆమె వచ్చాక ఏడాది దాకా కూడా పాత పద్ధతే నడిచింది. పై ఆఫీసులో ఎవరో కాగితం మీద గీతలు గీసి, దీనికి అది అని జతలు రాసి పంపేవారు. ఆ జతని మూడు రోజులు ఒకే పెట్టెలో పెట్టేవారు. తెల్లారేసరికి చెవులు చీలి ఉండేవి, పొట్టు ఎర్రబడి ఉండేది. రెండుసార్లు ఆయమ్మ శవాలు తీసింది. ఏడాదికి ఒక్క ఈత కూడా గగనమయింది.

"మనం కుదర్చడం మానేద్దాం" అంది డాక్టరమ్మ. "ఆడదాన్నే అడుగుదాం."

"అడిగితే చెబుతాయా అమ్మా?"

"చెబుతాయి ఆయమ్మా. మనకి వినడం రావాలంతే."

బకెట్ బాబాయి పక్కనే ఉన్నాడు. గదులు కడిగేది ఆయనే. టీకి వెళ్లినా బకెట్ వదలడు కనక ఆ పేరు. "మా ఇంట్లో అడక్కుండానే చెబుతుందండీ, వినలేక చస్తున్నా" అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది.

మూడు గదుల పెట్టె ఒకటి చేయించారు. నడిమి గదిలో ఆడదాన్ని వదులుతారు. ఎడమ గదిలో ఒక మగదాని రాయి, కుడి గదిలో ఇంకో మగదాని రాయి. ఇరవై నిమిషాలు. ఏ రాయి దగ్గర ఎంతసేపు కూర్చుందో డాక్టరమ్మ స్టాప్‌వాచీ నొక్కి రాసుకుంటుంది. ఆరింటి రాళ్లూ జతలు మార్చి మార్చి పెడతారు. అన్నిటికన్నా ఎక్కువసేపు ఎవరి రాయిని అంటిపెట్టుకుంటే వాడే వరుడు. అంతవరకూ బాగానే ఉంది. డాక్టరమ్మ చివర్న ఇంకో మాట చెప్పింది, అదీ గోడ వైపు చూస్తూ.

"ఎడమ గది కుందేళ్లకి ఇచ్చేశారు. ఎవరికీ నచ్చని మగవాటిని ఉంచడానికి చోటు లేదు. శుక్రవారం బండిలో పంపేయాలి."

శుక్రవారం బండి మందులు పరీక్షించే చోటికి పోతుంది. అక్కడినుంచి ఏదీ తిరిగి రాలేదు. పందొమ్మిదేళ్లలో ఆ బండి ఎక్కించిన ప్రతిదీ ఆయమ్మకి గుర్తే. ఎక్కించేటప్పుడు ఏది ముడుచుకుంది, ఏది వేలు కరిచింది, ఏది ఏమీ తెలియక మొహం కడుక్కుంటూ కూర్చుంది. ఇవన్నీ ఎవరితోనైనా చెబితే పిచ్చిదంటారని చెప్పేది కాదు.

ఆరింటిలోకీ పెద్దది తాత. తల్లి పొమ్మంటే ఆయమ్మే దూది ముంచి పాలు పట్టి బతికించింది. ఇప్పుడు నాలుగేళ్లు, ఎలుకల లెక్కలో ఎనభై. ఒక కన్ను మసక, నడుం దగ్గర బొచ్చు రాలింది, రాయి మీద పొట్ట రుద్దడం కూడా రోజుకి పదిసార్లే. "ముసలాణ్ణి ఎవతె చేసుకుంటుందక్కా? బండిలో ముందు సీటు వాడిదే" అన్నాడు బకెట్ బాబాయి. సరదాకే అన్నాడు. కానీ ఆయమ్మకి గుండెలో రాయి పడింది.

పరీక్ష మొదలవడానికి పన్నెండు రోజులుంది. మర్నాడు పొద్దున ఎడమ గదిలో పొట్టు మారుస్తూ, జేబులోంచి తెల్లటి గుడ్డపేలిక తీసి తాత రాయిని తుడిచింది. జిడ్డు కొంచెమే అంటింది. కుడి గదికి వచ్చి, ఒక్కొక్క ఆడదాని చెక్కగూటి గుమ్మానికీ ఆ గుడ్డ రాసింది. ఏడు గుమ్మాలు. మర్నాడూ అదే పని. ఆ మర్నాడూ అంతే. తప్పనిపించలేదా అంటే, అనిపించింది. కానీ పక్కింటి వాళ్లకి మనవాణ్ణి పరిచయం చేయడం ఎంత తప్పో ఇదీ అంతేలే అని సర్దిచెప్పుకుంది. ఆమెకున్న ఆశ కూడా పెద్దదేం కాదు. ఏడింటిలో ఒక్కటి, ఏ గుడ్డిదో మొద్దుదో, తాతని ఒప్పుకుంటే చాలు.

ఏడూ తాతనే ఒప్పుకున్నాయి.

మొదటి ఆడది తిన్నగా పోయి తాత రాయి మీద ఎక్కి కూర్చుంది. రెండోదీ అంతే. నాలుగోదానికి వచ్చేసరికి డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. రాళ్లు తారుమారు చేసింది, పెట్టె తిప్పి పెట్టింది, దీపం మార్చింది. ఏం చేసినా తాతే. ఏడోదీ అయిపోయాక కుర్చీలో వెనక్కి వాలి, నెలల తరవాత మొదటిసారి గట్టిగా నవ్వింది. "వయసు ఆయమ్మా! ఇన్నాళ్లు బతికి బట్టకట్టాడంటే గట్టివాడని వాటికి తెలుస్తోంది. రాయి మీద వయసు చదువుతున్నాయి!"

ఇల్లంతా ఒకటే వేళాకోళం. "ముసలాడికి ఏడుగురు పెళ్లాలు! ఆ రాయి ఓసారి నాకిమ్మనక్కా, మా ఆవిడ ముందు పెట్టి చూస్తా" అని బకెట్ బాబాయి. డాక్టరమ్మ రాత్రింబవళ్లు కూర్చుని వ్యాసం రాసింది. ఆమె ఉద్యోగం రెండేళ్లకే. ఏదైనా అచ్చయితే ఇంకోచోట రమ్మంటారు, లేకపోతే లేదు. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి, పోనీలే, ఒక్కళ్లకి కాకుండా ఇద్దరికి మేలయింది అనుకుంది ఆయమ్మ. తక్కిన అయిదు మగవాటి మాట అప్పుడు తోచలేదు. తోచినా పక్కకి నెట్టేసింది.

ఆ రెండు వారాల్లోనే మరో సంగతి జరిగింది. ఆడవాటిలో ఒకదాన్ని గడుగ్గాయి అంటారు. పాత పద్ధతిలో చివరిసారి జతలు కలిపినప్పుడు మిగతావన్నీ రక్తాలు కారేలా కొట్టుకుంటుంటే, గడుగ్గాయీ మొండితోక అనే మగదీ మాత్రం ఒక మూల ఒకదాని మీద ఒకటి తలపెట్టుకుని పడుకున్నాయి. మూడోరోజు నియమం ప్రకారం విడదీశారు. విడదీసింది ఆయమ్మే. ఆ తరవాత వారంవారం కాటా మీద పెడితే గడుగ్గాయి అరవై ఒకటి, అరవై నాలుగు, అరవై ఎనిమిది గ్రాములు తూగింది. "కడుపేమో" అంది ఆయమ్మ. "చూద్దాం, అప్పుడే రాయకండి" అంది డాక్టరమ్మ. గుడ్డ రాయడం మొదలుపెట్టిన రెండో వారం కాటా అరవై చూపించింది. పొట్టులో ఎక్కడా రక్తం లేదు, పిల్లలూ లేవు. ఉత్త కొవ్వేమోలే అనుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం, బండి రావడానికి మూడు రోజుల ముందు, ముగ్గురూ వెనక గుమ్మం దగ్గర టీ తాగుతున్నారు. పెట్టె పెట్టెకీ గ్లౌజులు మార్చలేక చేతులు పాసిపోతున్నాయని బకెట్ బాబాయి సణిగాడు.

"మార్చాల్సిందే బాబాయ్" అంది డాక్టరమ్మ. "ఊరికే పెట్టిన నియమం కాదది. కొన్ని జాతుల్లో కడుపుతో ఉన్న ఆడదానికి కొత్త మగదాని వాసన తగిలితే చాలు, లోపలి పిల్లల్ని కరిగించేసుకుంటుంది."

"కరిగించుకోవడమేంటండీ?"

"అంటే, ఆనవాలు లేకుండా ఒంట్లోకే లాగేసుకుంటుంది. ఈ కొత్తవాడు తన పిల్లల్ని ఎలాగూ బతకనివ్వడని భయం. పుట్టాక చంపించుకోవడం కన్నా పుట్టించకపోవడమే నయమని. మన ఇసుక ఎలుకలకీ ఉండొచ్చు, ఎవరూ చూడలేదు."

ఆయమ్మ గ్లాసు కింద పెట్టింది. అరవై ఎనిమిది, అరవై. ఆ రెండంకెలూ రాసింది తన చేత్తోనే. "ఏంటక్కా, అలా అయిపోయావ్?" అంటే, "ఏం లేదు, టీ చేదుగా ఉంది" అంది.

ఇంట్లో కూతురు ఆరింటికల్లా వచ్చేస్తుంది. కళ్లద్దాల కొట్టులో పని. కుర్చీలో కూర్చోబెట్టి అద్దం మార్చి అద్దం పెట్టి, "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడిగే పని. మొగుణ్ణి వదిలి వచ్చి మూడేళ్లయింది. తల్లితో పోట్లాడదు. వండుతుంది, తోముతుంది, మాత్రలు గుర్తుచేస్తుంది. "అమ్మా" అని పిలవడంలో ఎక్కడా లోటు చేయదు. ఆ లోటు లేకపోవడమే ఆయమ్మకి భయం. కోప్పడే మనిషయితే ఏదో ఒకరోజు చల్లారుతుంది.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఆయమ్మ మొత్తం చెప్పేసింది. గుడ్డ, ఏడు గుమ్మాలు, గడుగ్గాయి, బండి. కూతురు కత్తి ఆపి విన్నది.

"ఎన్ని రోజులు రాశావు?"

"పన్నెండు."

"నాకు తొమ్మిది నెలలు పట్టింది కదూ" అంది కూతురు మామూలు గొంతుతో.

ఏ సంగతో ఆయమ్మకి తెలుసు. పంపు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కుని బుద్ధిమంతుడిలా ఉన్నాడని తనే ఆదివారం భోజనానికి పిలిచింది. ఆ తరవాత ప్రతి ఆదివారమూ పిలిచింది. మంచినీళ్లు తాగుతున్నా అతని మాటే, కుళాయి కారినా అతని మాటే, చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. గ్రంథాలయంలో పుస్తకాలకి అట్టలు వేసే కుర్రాడి పేరు కూతురి నోట రెండుసార్లు వచ్చింది. మూడోసారి రాకుండా చూసుకుంది. తొమ్మిదో నెలలో కూతురు తనంతట తనే "సరే, అతన్నే చేసుకుంటా" అంది. ఆయమ్మ గర్వంగా అందరికీ చెప్పుకుంది: మా అమ్మాయిని నేనేం బలవంతపెట్టలేదు, అదే ఎంచుకుంది.

"అతను కొట్టాడా తల్లీ నిన్ను? ఎప్పుడడిగినా చెప్పవు."

"కొట్టలేదు. తిట్టలేదు. ఆరేళ్లు నేను ఆ ఇంట్లో ఉన్నట్టే చూడలేదు. అదొదిలేయ్." కూతురు మళ్లీ తరగడం మొదలుపెట్టింది. "నా కొట్టుకి వచ్చేవాళ్లూ అంతేనమ్మా. రెండద్దాలు చూపించి ఏది బాగుందంటే ఏదో ఒకటి చెబుతారు. రెండూ బాలేవని ఒక్కరూ అనరు. నాకు కోపం అతన్ని చూపించావని కాదు. వదిలేసి వచ్చాక కూడా ఆదివారమైతే మూడో కంచం పెట్టేస్తున్నా. అలవాటు చేశావు. అదీ కోపం."

ఉల్లిపాయ తరగడం అప్పటికే అయిపోయింది. ఆయమ్మ కళ్లు మాత్రం ఆగలేదు.

"వెళ్లి చెప్పు" అంది కూతురు. "ఆ అయిదింటినైనా మిగల్చు. నువ్వు చెప్పవులే గానీ."

ఆ ఆఖరి మాట పని చేసింది. అయినా బుధవారమంతా నీళ్లు నమిలింది. డాక్టరమ్మ గది ముందు నుంచి ఎనిమిదిసార్లు అటూ ఇటూ తిరిగింది. గురువారం పొద్దున తలుపు తట్టింది.

నిలబడే చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక, ఏ గుడ్డ, రోజుకి ఎన్నిసార్లు, ముందు ఏ పెట్టె, చివర ఏ పెట్టె అని గుచ్చి గుచ్చి అడిగింది. కలం చేతిలో ఉంది గానీ ఒక్క ముక్క రాసుకోలేదు.

"ఎందుకు చేశారు ఆయమ్మా?"

"బండి ఎక్కించలేకమ్మా."

డాక్టరమ్మ స్టాప్‌వాచీ చేతిలోకి తీసుకుంది. "సరే. మళ్లీ అడుగుదాం వాటిని" అని లేచింది.

చెక్కగూళ్లన్నీ కొత్తవి తెప్పించింది. ప్రతిదానికీ తనే గ్లౌజులు మార్చింది. ఆయమ్మని చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడమంది. మొదటి ఆడది తాత రాయి దగ్గరికి పోయింది. రెండోదీ పోయింది. ఒకటి తరవాత ఒకటి ఆరూ పోయాయి. ఆఖర్న గడుగ్గాయిని వదిలి, ఒక పక్క తాత రాయి, ఇంకో పక్క మొండితోక రాయి పెట్టింది.

గడుగ్గాయి మొండితోక రాయి దగ్గరికి వెళ్లింది. అది ముక్కు ఆనించింది, మీసాలు వణికాయి, రాయి చుట్టూ తిరిగింది, మళ్లీ ముక్కు ఆనించింది. ఉండవే, అక్కడే ఉండవే అని ఆయమ్మ లోపల్లోపల బతిమాలుకుంది. ఒక నిమిషం నలభై సెకన్లు ఉంది. ఆ తరవాత నడిమి గది దాటి, తీరిగ్గా, తాత రాయి ఎక్కి, కాళ్లు లోపలికి ముడుచుకుని కళ్లు మూసుకుంది.

డాక్టరమ్మ స్టాప్‌వాచీ ఆపింది. గొంతులోకి ప్రాణం తిరిగి వచ్చింది. "చూశారా, మీరు గుడ్డ రాయకపోయినా ఇదే జరిగేదేమో."

"కాదమ్మా. అలవాటు చేసింది నేను. ఇప్పుడు గూళ్లు మారిస్తే అలవాటు పోతుందా? దాని కడుపు కూడా..."

"కడుపని రిజిస్టరులో ఎక్కడా రాయలేదు."

"మీరే వద్దన్నారు గదమ్మా!"

"ఆయమ్మా." ఆమె గొంతు మెత్తగానే ఉంది. "ఇష్టం ఎలా పుట్టిందో కొలిచే గడియారం నా దగ్గర లేదు. ఎంతసేపు కూర్చుందో కొలిచేదే ఉంది."

"పోనీ మొండితోకనొక్కదాన్ని ఉంచండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఏ కారణం రాసి ఉంచమంటారు?"

"నిజమే రాయండి."

"నిజం రాస్తే ఈ పరీక్షంతా చెల్లదు. నాకు ఇంకోచోట పిలుపు రాదు, అది నా ఖర్మ. మీకు పని పోతుంది. ఆడదాని ఎంపిక చెల్లకపోతే వయసు చూసి పై ఆఫీసు రాసిన పాత జాబితానే చూస్తారు. అందులో మొండితోకని ఉంచుతారు. బండి ఎక్కాల్సినవాటిలో ముందు పేరు ఎవరిదో మీకు తెలుసు." కలం చేతిలోకి తీసుకుంది. "తాతది. చెప్పండి. రాయమంటే రాస్తా."

అది బెదిరింపు కాదు. ఆమె నిజంగానే అడిగింది. కలం మూత కూడా తీసింది. ఒక పక్క తాత, ఇంకో పక్క మొండితోక. మొండితోకతోపాటు, బతిమాలితే పైవాళ్లు ఎవరైనా వింటారనుకుంటే, మిగతా నాలుగూ. ఆయమ్మ నడిమి గదిలో నిలబడింది. ఇరవై నిమిషాలేమీ పట్టలేదు.

"వద్దులెండమ్మా" అంది.

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "మీరు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు" అంది. ఆ తరవాత ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది తక్కువ.

ఇంటికి వస్తే కూతురు గుమ్మంలోనే అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

"నిజంగా?" ఆ మొహంలో ఒక్క క్షణం, మూడేళ్లుగా కనబడనిది ఏదో కదిలింది. "మరి?"

"మళ్లీ అడిగారు వాటిని. మళ్లీ తాతనే ఎంచుకున్నాయి." ఆయమ్మ అక్కడితో ఆపేసింది. కలం సంగతి చెప్పలేదు.

కూతురి మొహంలో కదిలిందేదో మళ్లీ సద్దుమణిగింది. "ఇంకేం మరి. అవే ఎంచుకున్నాయిగా" అని లోపలికి పోయింది.

శుక్రవారం బండి తొమ్మిదింటికే వచ్చింది. అయిదు చిన్న పెట్టెలు, మూతలకి గాలి చిల్లులు. ఎక్కించాల్సింది ఆయమ్మే, ఇంకెవరు పట్టుకున్నా కరుస్తాయి. నాలుగూ లొంగాయి. మొండితోక మాత్రం దొరకలేదు. పెట్టె మూలమూలకీ పరుగెత్తి, ఆఖరికి తన రాయి మీద బల్లిలా అతుక్కుపోయి పొట్ట రుద్దుతూనే ఉంది. రెండు చేతులూ దాని కింద దూర్చి ఎత్తింది. అరచేతికి వెచ్చగా, జిగటగా తగిలింది. గ్లౌజులు వేసుకోవడం మరిచిపోయింది.

డ్రైవరు కాగితం చాపాడు. పంపుటకు కారణం అన్నచోట డాక్టరమ్మ గుండ్రటి అక్షరాలు: ఆడవి ఎంచుకోలేదు. కింద అప్పగించినవారి సంతకం. ఆయమ్మ పెట్టింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి తన సంతకం కింద తారీఖు తప్పు వేసి, కొట్టేసి మళ్లీ వేసింది.

"వెళ్లొస్తామమ్మా" అన్నాడు డ్రైవరు, అలవాటుగా.

"రారు" అంది ఆయమ్మ. ఇంజను చప్పుడులో అతనికి వినబడలేదు.

డాక్టరమ్మకి చలికాలం రాకముందే దూరంగా పెద్ద ఉద్యోగం వచ్చింది. వెళ్లేరోజు అందరికీ చెప్పి, ఆయమ్మ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఫోను రావడంతో మాట్లాడుతూ మెట్లు దిగిపోయింది. తాత వంతులవారీగా ఏడు పెట్టెల్లోనూ పదేసి రోజులు కాపురం చేశాడు. ఒక్క చెవి చీలలేదు, ఒక్క చుక్క రక్తం కారలేదు. ఆడవన్నీ అతణ్ణి నాకి నాకి శుభ్రం చేసేవి, ఒరుసుకుని పడుకునేవి. చూడముచ్చటగా ఉండేది. కాటా మాత్రం కదల్లేదు. ఎనభై ఏళ్లవాడు ఏం చేస్తాడు? మిగతావాళ్లకి ఇంకా ఆశ ఉండేది. వారంవారం ఏడు అంకెలు రాసే ఆయమ్మకి మొదటి నెలలోనే తెలిసిపోయింది, ఈ ఇంట్లో ఇక పిల్లలు పుట్టవని.

కొత్త డాక్టరు చలికాలం చివర వచ్చాడు. హుషారైన మనిషి. కుడి గదిలో పెట్టెలు చూసుకుంటూ వస్తూ తాత దగ్గర ఆగిపోయాడు. అప్పటికి రెండో కన్నూ మసకబారింది. గడుగ్గాయి పక్కలో ఒత్తిగిలి నిద్రపోతున్నాడు.

"ఇదేంటి? జాతి మొత్తానికి ఈ ముసలాడొక్కడేనా? ఎవరు ఎంచారయ్యా వీణ్ణి?"

"ఆడాళ్లేనండీ" అన్నాడు బకెట్ బాబాయి. "ఏడుగురూ ఏకగ్రీవంగా. పుస్తకంలో కూడా పడిందండీ."

"నేను ఎంచాను" అంది ఆయమ్మ.

కొత్త డాక్టరు ఆమె వైపు చూశాడు, బకెట్ బాబాయి వైపు చూశాడు, ఫక్కున నవ్వాడు. "మీ టేస్టు బాగుందండీ" అన్నాడు.

"నిజమేనండీ. గుడ్డతో..." అని ఆమె మొదలుపెట్టింది.

ఆయన అప్పటికే పక్క పెట్టె మూత ఎత్తి, ఇందులో నీళ్ల సీసా ఎప్పుడు మార్చారని అడుగుతున్నాడు.

"పొద్దున్నేనండీ" అంది ఆయమ్మ.